గోధుమ విత్తే పద్ధతి మీద ఈ ఏడాది మనం చేసిన పని: రైతు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం గోధుమ గురించే. ఏడాదంతా మనం ఎక్కువ మాట్లాడుకున్నదీ, ఎక్కువ వాదించుకున్నదీ దాని మీదే కదా.

మన ఆదిలాబాద్ చలి గోధుమకు కలిసొస్తుంది. అందుకే సోయా తీసిన నల్లరేగడిలో, ఇంట్లో రొట్టెలకైనా సరిపోతుందని, మనవాళ్లు అరెకరమో ఎకరమో వేస్తూ వచ్చారు. పోయినేడు ఎం.ఎ.సి.ఎస్. 6478 అనే కొత్త గోధుమ రకం తెచ్చి వేసిన కొందరు "ఈ రకం మనకు పనికిరాదు, పాత లోక్-1 నయం" అని తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ ఇచ్చిన రకం ఇది, సతారా జిల్లా కరంజ్‌ఖోప్ ఊళ్లో పాత రకాలతో హెక్టారుకు 25-30 క్వింటాళ్లు తీసినవాళ్లు దీనితో 45-60 తీశారు. మరి మన దగ్గర ఏం తేడా కొట్టింది?

ఈ యాసంగిలో ఒక సభ్యుడి చేనులో రెండు రకాలనూ పక్కపక్కనే వేశాం, సగం చేత్తో చల్లి, సగం ట్రాక్టర్ గొర్రుతో సాళ్లలో. చల్లిన చోట రెండు రకాలకూ పెద్ద తేడా కనబడలేదు, రెండూ అంతంతమాత్రమే. కొన్ని గింజలు పైనే ఉండి పిట్టల పాలయ్యాయి, కొన్ని మట్టిగడ్డల కింద పడి ఆలస్యంగా లేచాయి, ఇక 20-21 రోజులకు ఇవ్వాల్సిన మొదటి తడి కొన్ని మొక్కలకు సరిగ్గా అందితే కొన్నిటికి అది తొందరే అయింది. సాళ్లలో అన్నీ ఒకేసారి మొలిచాయి, పిలకలు బాగా కట్టాయి, కొత్త రకం సత్తా అక్కడే బయటపడింది.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. మన తాతలు తేమ అందాలని లోతుగా విత్తేవాళ్లు, అప్పటి ఎత్తు గోధుమలకు అది చెల్లింది. ఇప్పటివి పొట్టి రకాలు, మొలకను పైకి తెచ్చే తొడుగు కూడా పొట్టిదే, కాబట్టి రెండంగుళాలు దాటితే మొలక బలమంతా పైకి రావడానికే ఖర్చయిపోయి పిలకలు తగ్గుతాయి. పోయినేడు కొత్త రకం వేసిన ఇద్దరు గొర్రును పాత లోతులోనే తోలారని మాట్లాడితే తెలిసింది. తప్పు విత్తనానిది కాదన్నమాట! లోక్-1 గింజ లావు కాబట్టి అదే బరువులో గింజలు తక్కువ వస్తాయి, విత్తనం ఎకరానికి 40 కిలోలు అని రెండిటికీ ఒకే లెక్క వేయకుండా లోక్-1కి కాస్త పెంచండి.

జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. గొర్రు అద్దెకు పెట్టిన డబ్బు అందులోనే రాశాం.

వచ్చే యాసంగికి గొర్రు కావాలంటే సోయా కోతల ముందే పేరు రాయించండి. నవంబర్ మొదటి పక్షంలో విత్తనం పడాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, గింజ గట్టిపడే పని ఆలోపే అయిపోవాలి. ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అన్నది సర్వసభ్య సమావేశంలో కూర్చుని తేల్చుకుందాం.