దివాన్ సాలార్‌జంగ్‌తో మన ఏడాది: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనంతా హైదరాబాద్ నిజాం దివాన్ (ప్రధానమంత్రి) మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్ చుట్టూ నడిచింది. ఆ పేరు చెప్తే అందరికీ మ్యూజియమే గుర్తొస్తుంది. ఆ వస్తువుల్లో చాలావరకు పోగు చేసింది ఆయన మనవడు, మూడో సాలార్‌జంగ్. తాతగారి పని అద్దాల బీరువాల్లో కనిపించదు. అందుకే ఆయన్ని ఎంచుకున్నాం.

మొదటి సమావేశం పాలన మీద. 1853లో నిజాం రాజ్యంలోని బేరార్ ప్రాంతం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోయారు. ఆ బరువు 24 ఏళ్ల కుర్రాడు సాలార్‌జంగ్ నెత్తిన పడింది. ఖజానా ఖాళీ. శిస్తు గుత్తకు తీసుకున్నవాళ్ళు రైతును పిండేవాళ్ళు. అప్పిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమాదార్ల (సైనిక నాయకుల) దగ్గర తాలూకాలే తాకట్టులో ఉండేవి. వాటిని మెల్లగా విడిపించి, గుత్తేదార్ల బదులు జీతం తీసుకునే తాలూక్‌దార్లనే అధికారులను పెట్టారు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టారు. రైతు కుటుంబాల సభ్యులు ఈ భాగం దగ్గరే ఆగిపోయి, ప్రశ్న మీద ప్రశ్న వేశారు.

రెండో సమావేశం వాడిగా సాగింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో ఇంగ్లీషు ప్రతినిధి ఉండే కోఠీ రెసిడెన్సీ మీదికి దాడికి వెళ్ళారు. దివాన్ ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచారు. అది ద్రోహమని కొందరు, రాజ్యాన్ని కాపాడుకున్నారని కొందరు గట్టిగా వాదించారు. దివాన్ గొప్పతనం చెప్పేటప్పుడు తుర్రేబాజ్ ఖాన్ పేరు దాచకూడదన్నది కార్యవర్గం అభిప్రాయం. అంత సాయం చేసినా, ఎన్నిసార్లు అడిగినా, బేరార్ మాత్రం ఆయనకు తిరిగి దక్కలేదు.

మ్యూజియంలో ‘మేలిముసుగు రెబెక్కా’ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. 1876 విదేశీ యాత్రలో ఆయన రోమ్‌లో కొన్న శిల్పం అది. చలువరాతి ముసుగు లోపలి నుంచి ముక్కు, పెదవులు కనిపిస్తాయి. మనతో వచ్చిన ఓ పాప, "ఆ బట్ట ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది.

ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి వెళ్తే కమాన్లే మిగిలాయి. చాలామందికి అక్కడ మనసు చివుక్కుమంది.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది, కాగితాలు ఆఫీసులో చూడొచ్చు.

సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరి 8న కలరాతో కన్నుమూశారు. వచ్చే ఫిబ్రవరి 8న దాయిరా మీర్ మోమిన్ శ్మశానంలోని ఆయన సమాధి దగ్గర కలుద్దాం. పిల్లల్ని కూడా తీసుకురండి.