ఆ బొమ్మల పుస్తకానికి తాళం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల ర్యాకులో ఉండే బొమ్మల పుస్తకం ఒకటి ఈ మధ్య బీరువాలోకి పోయింది. "మూడో తరగతి పిల్లలకి ప్రేమ కథలేమిటి?" అని ఎవరో తండ్రి గొడవ చేశారట. మనకెందుకొచ్చిన తలనొప్పి అని గ్రంథాలయాధికారి తీసి తాళం వేసేశారు.

ఆ పుస్తకం నేను చదివాను. అందులో ప్రేమ అన్న మాటే లేదు. పక్క వరుసలో కూర్చునే అమ్మాయంటే ఒక పిల్లాడికి ఇష్టం. ఎదురుపడితే మాట రాదు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇద్దరూ కుళాయి దగ్గర కంచాలు కడుక్కునే బొమ్మ ఉంది. ఆ పేజీలో ఒక్క అక్షరం లేదు, వాడి చెవులకు మాత్రం ఎర్రరంగు వేశారు. చివరికి ధైర్యం చేసి, జేబులో దాచిన జామకాయ ఇవ్వబోతాడు. "నాకొద్దు" అని ఆ పిల్ల ఖోఖో ఆటకి పరిగెడుతుంది. వాడు కాసేపు చిన్నబుచ్చుకుని, కాయ తానే తినేసి, వెళ్లి ఆటలో కలుస్తాడు. అంతే కథ. (భాష మాత్రం పిల్లల నోట పలికేలా లేదు, మరీ గ్రాంథికం. అభ్యంతరం చెప్పాలంటే దానికి చెప్పాలి.)

బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. గోడ మీద ఇద్దరి పేర్లు రాసి మధ్యలో ప్లస్ గుర్తు పెట్టడం నాలుగో తరగతిలోనే మొదలవుతుంది. ఆ రాత చెరిపేసినా మాటలు పడేది ఆడపిల్లే. కాదన్న అమ్మాయి వెంటపడి తిరిగితే చివరికి ఒప్పుకుంటుందని సినిమాలు ఇంటిల్లిపాదికీ చూపిస్తుంటే ఎవరూ రిమోట్ దాచరు. వద్దంటే ఊరుకోవాలని చూపించే పుస్తకానికి మాత్రం తాళం! అన్నట్టు, పెళ్లి కుదరాలని ఆడపిల్లల చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయిస్తాం. మనసులో మాట ముందుగా కబురు పంపింది రుక్మిణే కదండీ?

1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు అందరం కడుతున్నాం. ఇష్టం లేని తండ్రి తన పిల్లలకు ఆ పుస్తకం ఇవ్వకపోతే అది ఆయన ఇష్టం. ఊరి పిల్లలందరికీ వద్దనడానికి ఆయనెవరు? ఫిర్యాదు ఉంటే కాగితం మీద రాయించుకుని, జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు పుస్తకం చదివి ఏ సంగతీ తేల్చాలి. అప్పటిదాకా అది ర్యాకులోనే ఉండాలి. పట్టుమని పాతిక పేజీలు లేవు, చదవడానికి పది నిమిషాలు పట్టదు.

— ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా