నులక మంచాల పని: సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని దాదాపు అంతా నులక మంచం చుట్టూనే తిరిగింది. మరమ్మతుకు వచ్చినవాటిలో ఎక్కువ కుక్కి మంచాలే. తెచ్చినవాళ్లదీ ఒకటే మాట: "నులక పాతబడింది, కొత్తది అల్లి డప్పులా బిగించండి." విప్పి చూస్తే చాలావాటిలో నులక గట్టిగానే ఉంది. తప్పు చట్రంలోనో, కాళ్ల వైపు బిగింపు తాడును ఏళ్ల తరబడి ముట్టుకోకపోవడంలోనో ఉంది. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తాం. ఇక్కడ పని సంగతే రాస్తున్నాం.

ఈ మంచం తీరు చాలా పాతది. 14వ శతాబ్దంలో వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా హిందూదేశపు మంచాల గురించి రాశాడు: నాలుగు కోళ్లు (మంచం కాళ్లు), నాలుగు పట్టెలు (కోళ్లను కలిపే కర్రలు), మధ్యలో పట్టు లేదా నూలు అల్లిక, ఒక్క మనిషి మోసుకుపోగలిగేంత తేలిక. ఉత్తరాదిన చార్‌పాయి అన్నా, మనం నులక మంచం, నవారు మంచం అన్నా చట్రం అదే. మేకు లేదు, జిగురు లేదు. అల్లిక లాగే బలమే పట్టెలను కోళ్లలోకి నొక్కి పట్టి ఉంచుతుంది. వదులైన కీలుకు ఇనుప పట్టీ వేసి మేకులు కొడితే కోడు చీలుతుంది, మంచం మళ్లీ వదులవుతుంది. అలా పాడైనవీ మన దగ్గరికి వచ్చాయి.

"డప్పులా" అన్న కోరిక సంగతి. పట్టెల మధ్య వెడల్పు 36 అంగుళాలనుకుందాం. మనిషి బరువు నడిమధ్యన పడి అల్లిక 4 అంగుళాలు కుంగితే, ఒక్కో నిడుపు పట్టెను లోపలికి లాగే బలం ఆ బరువుకు రెండుంబావు రెట్లు. కుంగేది 2 అంగుళాలే అయితే ఆ లాగుడు నాలుగున్నర రెట్లు. తలాపు, కాళ్ల వైపులకు పోయేది తీసేస్తే అసలు అంకె కొంత తగ్గుతుంది కానీ వరస మారదు: ఎంత బిగిస్తే పట్టె అంత వంగుతుంది. కాబట్టి మంచం కాస్త కుంగాలి. అరచేత్తో నడుమ గట్టిగా నొక్కితే మూడు నాలుగు అంగుళాలు దిగడం సరైన బిగువు. లాగుడు అడ్డంగా వస్తుంది గనుక 2½ × 2 అంగుళాల పట్టెలో వెడల్పు వైపును పడుకోబెట్టి కూర్చాలి. అందం కోసం నిలబెట్టినవాటిలో వంపు త్వరగా వచ్చింది.

కోడు విషయంలో రెండు జాగ్రత్తలు. పట్టెలు దూరడానికి ఒకే ఎత్తున తవ్విన బెజ్జాలు లోపల కలుసుకుంటే కోడులో చెక్క మిగలదు. అందుకే నిడుపు పట్టె నాలుకను (బెజ్జంలో దూరే కొనను) పై సగంలో, అడ్డ పట్టె నాలుకను కింది సగంలో చెక్కుతున్నాం. పట్టెలు మాత్రం ఒకే మట్టాన ఉంటాయి. బెజ్జం పైన కనీసం మూడంగుళాల కోడు మిగలాలి, లేకపోతే పై అంచు ఊడిపోతుంది. ఇక పట్టె బాగా ఎండినదై, కోడు కొంచెం పచ్చిదనం ఉన్నదైతే మేలు. కోడు ఎండేకొద్దీ బెజ్జం నాలుకను కరిచి పట్టుకుంటుంది. తిరగేసి చేస్తే నాలుకే సన్నబడి కీలు కిర్రుమంటుంది. చెక్క టేకైనా తుమ్మైనా చేవ ఉన్నదే తీసుకోవాలి. అంచున తెల్ల చెక్క మిగిలితే పురుగు తొలిచి పొట్టు రాలుతుంది.

అల్లే ముందు మూలల కొలత తప్పదు. 6 అడుగులకు 3 అడుగుల చట్రానికి మూల నుంచి మూలకు 6 అడుగుల 8½ అంగుళాలు రావాలి. రెండు మూలల కొలతలకూ పావు అంగుళం కన్నా ఎక్కువ తేడా ఉంటే చట్రం మూల తప్పినట్టే. నేలకు ఆనని కోడు కింద చెక్కముక్క పెట్టడం మరమ్మతు కాదు.

తాడు కొనేటప్పుడు లెక్క ఇలా చూసుకోండి. అల్లే జాగా 1.5 × 0.8 మీటర్లు, నులక 6 మిల్లీమీటర్లు, రెండు దిశల్లోనూ తాడుకూ తాడుకూ మధ్య తాడంత సందు అనుకుంటే 200 మీటర్లు పడుతుంది. పట్టెల చుట్లకు, ముడులకు మరో అయిదో వంతు. మొత్తం 240. 6 అడుగులకు 3 అడుగుల జాగాకు మూడంగుళాల వెడల్పున్న నవారును సందు లేకుండా నేస్తే 144 అడుగులు, చుట్లతో కలిపి 175. నవారు మెత్తన, విప్పి ఉతుక్కోవచ్చు, కానీ త్వరగా సాగుతుంది. కొబ్బరి పీచు గరుకు, తడికి ఓర్చుకుంటుంది. జనుము మెత్తగానూ గట్టిగానూ ఉంటుంది, పదేపదే తడిస్తే కుళ్లుతుంది. ప్లాస్టిక్ తాడు చెమట పీల్చదు, ముడి జారుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. చవక మాట నిజమే.

పురిపెట్టిన నార తాడు తడిస్తే పొడవు తగ్గుతుంది, ఎండితే మళ్లీ సాగుతుంది. నానబెట్టి బిగించిన మంచం వారానికే కుక్కిదవుతుంది; ఎండు తాడును డప్పులా బిగించి వానలో వదిలేస్తే పట్టె వంగిపోతుంది. చేతికి లొంగేంత చెమ్మ చాలు. కాళ్ల వైపు జానెడు ఖాళీ వదిలి అడ్డతాడు కట్టి, అక్కడి నుంచే అల్లిక మొదలుపెట్టాలి. మొదటి వరసలను సగం బిగువుతోనే పోనివ్వండి. తర్వాతి వరసలు కిందా పైనా దూరినప్పుడు అవే బిగుస్తాయి. ఆఖరున అడ్డతాడుకూ కాళ్ల వైపు పట్టెకూ మధ్య బిగింపు తాడు వేసి, మధ్య నుంచి రెండు పక్కలకూ సమంగా లాగాలి. ఒక పక్క నుంచి లాగుకుంటూ పోతే చట్రం మూల తప్పుతుంది.

నల్లుల ఫిర్యాదులు ఈ ఏడూ తగ్గలేదు. అవి దాగేది కీళ్లలో, తాడు పట్టెను చుట్టే చోట. సలసల కాగే నీళ్లు పోసి, ఎండన నిలబెట్టి పూర్తిగా ఆరాకే బిగింపు తాడు సరిచూడాలి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు నిర్ణయాలు తీసుకుంది. కొత్త అల్లిక వేసిన ప్రతి మంచానికీ పదిహేనో రోజున ఉచితంగా ఒకసారి బిగింపు. వంగిన పట్టెతో వచ్చిన మంచానికి, పట్టె మార్చనిదే అల్లిక పని ఒప్పుకోం.