మళ్లీ మొదటి నుంచి చెప్పలేనంటోంది మా అమ్మాయి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. రశీదులు ఉన్నాయి, జవాబు లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. బస్సెక్కితే గుండె దడ, చెమటలు, ఊపిరి ఆడదు. గుండెకేమీ లేదు, యాంగ్జైటీ అన్నారు. అలాంటి పిల్లను వారం వారం బస్సులో కౌన్సెలింగ్‌కి ఎలా తీసుకెళ్లేది? ఆసుపత్రి వాళ్లు వీడియో కాల్‌లో పెడతామంటే ప్రాణం లేచొచ్చింది. ప్రతి మంగళవారం నాలుగింటికి సైకాలజిస్ట్ మేడమ్ చేసేవారు. ఇంట్లో సిగ్నల్ ఉండదు, మాట్లాడితే పక్కింటికి వినబడుతుంది. పిల్ల డాబా మీద కూర్చునేది, ఎవరూ పైకి రాకుండా నేను మెట్ల మీద కాపలా. భయం వేసినప్పుడు మనసులో ఏమనిపించిందో నోట్‌బుక్‌లో రాయించేవారు మేడమ్. ఐదో వారం పిల్ల బస్టాప్ దాకా నడిచింది. ఆరో వారం బస్సెక్కి రెండు స్టాపులు వెళ్లొచ్చింది. ఆ రోజు పాయసం చేశాను.

ఏడో మంగళవారం కాల్ రాలేదు. మేడమ్ కాంట్రాక్టు అయిపోయిందట. ముందు ఒక్క మాటైనా చెప్పలేదు. నెల తర్వాత ఒకాయన చేసి, మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పింది. రెండు వారాలకు ఇంకొకరు. మళ్లీ మొదటి నుంచి. "ఇక నావల్ల కాదమ్మా" అని నోట్‌బుక్ బీరువాలో పెట్టేసింది.

ఫోన్‌లో మానసిక సాయం చేసే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది కదా అంటారేమో. 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రిపూట దిక్కుతోచనప్పుడు అది పెద్ద ధైర్యమే. కానీ ఆ రాత్రి గడవడం వేరు, జబ్బు తగ్గడం వేరు. మాత్ర ఎవరిచ్చినా పనిచేస్తుంది. మాటలతో చేసే వైద్యంలో మనిషి మారితే పిల్ల నోరు పెగలదు సార్.

ప్రైవేటులో ఒక్కసారికి వెయ్యికి పైనే అడుగుతున్నారు. నెలకు నాలుగుసార్లంటే మాకెక్కడిది? 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్‌లో ఈ వైద్యం మాలాంటివాళ్లకు అందుబాటు ఖర్చులో, చేరుకోగల దూరంలో దొరకడం హక్కని రాసి ఉంది. ఆ హక్కే అడుగుతున్నాను.

ఆ మేడమ్‌నే మళ్లీ తీసుకోండి. కుదరదంటే ఎవరినైనా ఇవ్వండి, కానీ ఒక్కరినే ఇవ్వండి, చివరిదాకా ఉంచండి. మారక తప్పకపోతే పాత వివరాలు కొత్తవాళ్లు చదివాకే కాల్ చేయమనండి. దండం పెడతాను, కాస్త త్వరగా చూడండి. పరీక్షలు దగ్గరికొచ్చాయి. సెంటరు 18 కిలోమీటర్లు, బస్సులోనే వెళ్లాలి.

ఇట్లు,
ఒక తల్లి