పోర్టింగ్ కిట్‌లో పనికిరాని బర్లు, సూచనల పుస్తకంలో తప్పులు: కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: సిలిండర్ హెడ్ పోర్టింగ్, పాలిషింగ్ కిట్‌లోని లోపాలు; డబ్బు వాపసు, సూచనల పుస్తకం సవరణ గురించి.

నమస్కారం.

మీ కంపెనీ అమ్ముతున్న సిలిండర్ హెడ్ పోర్టింగ్, పాలిషింగ్ కిట్ కొన్నాను. ఇంజన్ హెడ్‌లో గాలి, పొగ వెళ్ళే దారులను (పోర్టులను) కోసి నునుపు చేసుకునే పనిముట్ల కిట్ ఇది. బిల్లు కాపీ, పనిముట్ల ఫోటోలు, ఒక చిన్న వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. ఇదే విషయం ఇంతకుముందు మీవాళ్ళకు రాస్తే, "వాడకంలో లోపం, వారంటీ వర్తించదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ బర్ (చేతి గ్రైండర్‌కు బిగించి తిప్పే, పళ్ళున్న కోత పనిముట్టు) వాడారు, ఎలాంటి హెడ్ మీద వాడారు, గ్రైండర్ ఎంత స్పీడులో ఉంది అని ఎవరూ అడగలేదు. అందుకే ఈసారి అన్నీ వివరంగా రాస్తున్నాను. ఇంజన్ పని తెలిసినవాళ్ళ చేత దీన్ని చదివించండి.

ముందు బర్ల సంగతి. డబ్బా మీద "అల్యూమినియం, పోత ఇనుము హెడ్లు రెండింటికీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. నాది అల్యూమినియం హెడ్. వాల్వులు, స్ప్రింగులు తీసేసి, హెడ్‌ను శుభ్రంగా కడిగి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టుతో పని మొదలుపెట్టాను. కాసేపటికే బర్ పళ్ళ సందుల్లో అల్యూమినియం కరుచుకుపోయి నిండిపోయింది. ఇక అది కోయడం మానేసి రుద్దడం మొదలుపెట్టింది. లూబ్రికెంట్ స్ప్రే కొట్టాను, మైనం పూశాను, స్పీడు తగ్గించాను. పట్టేసిన లోహాన్ని సూదిమొనతో గీకి తీయడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ నిండిపోవడం.

భూతద్దంతో చూస్తే కారణం తెలిసింది. కిట్‌లోని బర్లన్నీ డబుల్ కట్‌వే. అంటే పళ్ళు ఒకదానికొకటి అడ్డంగా పడి, దగ్గర దగ్గరగా ఉండే రకం. పోత ఇనుముకూ ఉక్కుకూ అది చక్కగా పనిచేస్తుంది. అల్యూమినియం మెత్తన, కాస్త వేడెక్కితే అతుక్కుంటుంది. దానికి పళ్ళ మధ్య దూరం ఎక్కువగా, లోతుగా ఉండే అల్యూమినియం కట్ బర్ కావాలి. మైనం, స్ప్రే అతుక్కోవడాన్ని తగ్గిస్తాయి తప్ప బర్ రకాన్ని మార్చలేవు కదా. అల్యూమినియం అని డబ్బా మీద రాసి, అల్యూమినియం బర్ ఒక్కటీ లోపల పెట్టకపోతే అది వాడేవాడి లోపం ఎలా అవుతుంది?

ఇక పొడుగు కాడ బర్. నాకు నష్టం జరిగింది దీనివల్లే. పోర్టు లోపలి మలుపు దాకా చేరాలంటే 6 అంగుళాల కాడ ఉన్న బర్ తప్పదు. కానీ కాడ పొడుగైనకొద్దీ అది తట్టుకునే స్పీడు తగ్గుతుంది. బర్ తల దేనికీ ఆనకుండా గాల్లో ఉన్నప్పుడు ఫుల్ స్పీడు ఇస్తే కాడ వంగి కొరడాలా కొడుతుంది. అందుకే తలను పోర్టులో పెట్టాకే గ్రైండర్ ఆన్ చేయాలి, స్పీడు తక్కువలో ఉంచాలి, ఆగిపోయాకే బయటికి తీయాలి. నేను చేసింది అదే. వీడియోలో స్పీడు నాబ్ ఎక్కడుందో మీరే చూడొచ్చు.

అయినా బర్ అదిరింది. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) కింద గిన్నెలా ఉండే బౌల్ అంచును సర్దుతుండగా ఎగిరి వాల్వ్ సీటు మీద గీత పెట్టింది. గోరుతో తడిమితే తగిలేంత గీత. పేస్టు పెట్టి వాల్వును రుద్దినంత మాత్రాన పోయేది కాదు. తర్వాత ఆ బర్‌నూ, అదే ప్యాకెట్‌లో ఒక్కసారీ వాడకుండా ఉన్న రెండో పొడుగు బర్‌నూ అద్దం పలక మీద దొర్లించి చూశాను. రెండింటి తలలూ ఊగుతున్నాయి. మొదటిది వాడకంలో వంగిందని మీరు అనొచ్చు. ఒక్కసారీ వాడని రెండోది ఎలా వంగింది? అది ఫ్యాక్టరీ నుంచే వంకరగా వచ్చింది. దాన్ని అలాగే భద్రంగా ఉంచాను.

సీటు మీద గీత అంటే చిన్న విషయం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. వాల్వ్ సరిగా ఆనదు, కంప్రెషన్ లీకవుతుంది. పైగా ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. సందు మిగిలితే అక్కడే కాలిపోతుంది. కాబట్టి మెషిన్ షాపులో ఆ సీటును మళ్ళీ కోయించాల్సి వచ్చింది. సీటు కోస్తే వాల్వ్ కాస్త లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) మారుతుంది. అదంతా మళ్ళీ సరిచేయించాను. ఆ ఖర్చు రసీదు కూడా జతచేశాను.

శాండ్ పేపర్ రోల్స్‌లో సన్న రకానివి కొన్ని జిగురు ఊడి విడిపోయాయి. గరుకుగా ఉండే 80 నంబరువి మాత్రం బాగున్నాయి, ఎగ్జాస్ట్ పోర్టు వాటితోనే పూర్తయింది. బాగున్నదాన్ని బాగుందనే చెబుతున్నాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మీ సూచనల పుస్తకం. మెషిన్ షాపులో కొత్తగా పని నేర్చుకునేవాడి పక్కన ఒక మేస్త్రీ ఉంటాడు, చెయ్యి తప్పు దారిలో వెళ్తుంటే ఆపుతాడు. "ఇంట్లోనే మీరే చేసుకోండి" అని మీరు అమ్మే కిట్ కొన్నవాడికి ఆ పుస్తకం తప్ప ఇంకెవరూ లేరు. ఈ పనిలో కోసేసిన లోహం తిరిగి రాదు. వెల్డింగ్ చేయించి, మళ్ళీ మెషినింగ్ చేయించాలి, లేదా హెడ్‌నే మార్చాలి. అలాంటి పనికి మీ పుస్తకం ఇచ్చే మొదటి సలహా: "గ్రైండర్‌ను ఫుల్ స్పీడులో నడిపితే నునుపు బాగా వస్తుంది." మీరే సిఫారసు చేసిన డై గ్రైండర్ స్పీడు నిమిషానికి 25,000 చుట్లు. పొడుగు కాడ బర్‌ను ఆ స్పీడులో గాల్లో తిప్పితే ఏమవుతుందో పైన రాశాను. అది ముఖానికి తగిలే ప్రమాదం. ఏ బర్‌కు ఎంత స్పీడు మించకూడదో కాడ మీద లేదు, ప్యాకెట్ మీద లేదు, పుస్తకంలో లేదు.

తర్వాతి పేజీలో ఇన్‌టేక్ పోర్టును (గాలి లోపలికి వెళ్ళే దారిని) కూడా అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేయమన్నారు. ఎగ్జాస్ట్‌కు ఆ మాట ఒప్పుకుంటాను, నునుపుగా ఉంటే మసి తక్కువ పడుతుంది. కానీ కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లలో, పోర్టులోకే ఇంధనం చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ గోడకు కాస్త గరుకుదనం ఉండాలి. మరీ నున్నటి గోడ మీద ఇంధనం పొరలా, చుక్కలుగా పారుతుంది. గరుకు గోడ అయితే అది తిరిగి గాలిలో కలవడానికి వీలుంటుంది. అందుకే చాలామంది పనివాళ్ళు ఇన్‌టేక్‌ను 60 లేదా 80 నంబరు దగ్గర ఆపేస్తారు. నాకు ఇది ముందే తెలుసు కాబట్టి నా ఇన్‌టేక్ పోర్టులు దెబ్బతినలేదు. మొదటిసారి చేసేవాడు మీ పుస్తకాన్నే నమ్ముతాడు కదా.

"పోర్టు ఎంత పెద్దదైతే పవర్ అంత ఎక్కువ" అన్న మాట ఇంకా ప్రమాదకరం. పోర్టు అవసరానికి మించి పెద్దదైతే గాలి వేగం పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో బండి లాగదు. అసలు లాభం ఎక్కువగా వచ్చేది వాల్వ్ సీటు కింద బౌల్‌లో, లోపలి వైపు చిన్న మలుపు దగ్గర. ఆ మలుపును పదునుగా గానీ చదునుగా గానీ చేసేస్తే గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతుంది. మీ పుస్తకంలో ఈ మలుపు ఊసే లేదు. పోర్టు గోడ వెనకే వాటర్ జాకెట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళ దారి) ఉంటుందని, గోడ మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదని, బర్ అవతలికి దూసుకుపోతే హెడ్ పోయినట్టేనని ఒక్క వాక్యం రాయలేదు. కంబషన్ చాంబర్లను (ఇంధనం మండే గదులను) పాలిష్ చేయమన్నారు గానీ, అరిగినకొద్దీ చాంబర్ పెద్దదై కంప్రెషన్ తగ్గుతుందని, బ్యూరెట్‌తో (కొలత గీతలున్న గొట్టంతో) ద్రవం పోసి కొలిచి అన్ని చాంబర్లనూ సమానం చేయాలని చెప్పలేదు.

పని అయ్యాక కడగడం గురించీ మౌనమే. సబ్బునీళ్ళతో, బ్రష్‌తో ప్రతి ఆయిల్ దారినీ, వాల్వ్ కాడ కదిలే గొట్టమైన ప్రతి వాల్వ్ గైడ్‌నూ కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. శాండ్ పేపర్ రేణువులు, లోహపు రజను ఆయిల్‌లో కలిస్తే బేరింగులు అరిగిపోతాయి. అప్పుడు హెడ్ ఒక్కటే కాదు, ఇంజన్ మొత్తం విప్పాలి. కళ్ళద్దాలు పెట్టుకోమని రాసిన మీరు, ఆ రజను పీల్చకుండా మాస్కు పెట్టుకోమని కూడా రాయాల్సింది.

నేను అడుగుతున్నవి ఇవి. కిట్ పూర్తి ధర వాపసు ఇవ్వాలి, సీటు కోయించిన ఖర్చు చెల్లించాలి. నా ప్యాకెట్ మీదున్న బ్యాచ్ నంబరుకు చెందిన పొడుగు బర్లన్నీ తనిఖీ చేయాలి. డబ్బాలో అల్యూమినియం కట్ బర్లు పెట్టాలి, లేదంటే డబ్బా మీద అల్యూమినియం అన్న మాట తీసేయాలి. ప్రతి బర్ ప్యాకెట్ మీదా స్పీడు పరిమితి ముద్రించాలి. సూచనల పుస్తకాన్ని హెడ్ పని చేసే అనుభవజ్ఞుల చేత తిరగరాయించాలి. ఇప్పటికే కొన్నవాళ్ళకు సవరణలు పంపాలి. వాళ్ళలో ఎవరో ఒకరు ఈపాటికి ఇన్‌టేక్ పోర్టును అద్దం చేస్తూ ఉండొచ్చు, కాబట్టి దీన్ని అన్నిటికంటే ముందు చేయండి.

వాడిన బర్‌ను మీ ఖర్చుతో తెప్పించుకుంటే పంపుతాను. వాడనిది మాత్రం ఈ వివాదం తేలేదాకా నా దగ్గరే ఉంటుంది. దాన్ని చూడాలంటే మీ టెక్నీషియన్‌ను పంపండి, నా ఎదురుగానే అద్దం మీద దొర్లించి చూడవచ్చు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మళ్ళీ "వాడకంలో లోపం" అనే పక్షంలో, పైన రాసిన వాటిలో ఏది తప్పో, దాన్ని ఎవరు పరీక్షించి తేల్చారో కూడా రాయండి. జవాబు రాకపోతే ఇవే ఆధారాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు