స్టీరింగ్ పంపు మార్చే ముందు గాలి తీసి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

చెన్నై నుంచి తిరుపతికి, నెల్లూరుకు అద్దె బండ్లు నడుపుకొనే మన తెలుగు డ్రైవర్లలో చాలామంది ఇప్పటికీ పాత ఇన్నోవాలను, బొలెరోలను నమ్ముకొని ఉన్నారు. ఆయిల్‌తో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉన్న ఈ బండ్లలో హోసు పైపో, సీలో మార్చిన తరువాత స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మూలుగు లాంటి శబ్దం రావడం, కాసేపు తేలికగా, కాసేపు బరువుగా తిరగడం తరచూ జరిగేదే. ఆ శబ్దం వినగానే పంపు పోయిందని తేల్చేసి, వేల రూపాయల ఖర్చు బండివాడి నెత్తిన వేసే అలవాటు ఇక్కడి షెడ్లలో కనబడుతోంది. లోపల చిక్కుకున్న గాలిని తీయకుండా పంపు మీద నింద వేయడం తగదని, ఒక రవాణా సంస్థ మరమ్మతు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాడిగా మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

ఆయిల్‌ను ఎంత నొక్కినా దాదాపుగా కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. అందువల్ల ఆయిల్‌లో గాలి చేరితే, పంపు పుట్టించిన ఒత్తిడి చక్రాలను తిప్పే ర్యాకుకు సాఫీగా చేరదు. అంతేకాక, పంపు లోపలి రెక్కలకు రాపిడి తగలకుండా కాపాడేది కూడా ఆ ఆయిలే. దాని స్థానంలో నురగ తిరిగితే రెక్కలు ఎండి అరుగుతాయి. గాలి పట్టిన బండిని అలాగే నడిపిస్తే, పంపు పోయిందన్న మెకానిక్ మాట కొన్నాళ్లకు నిజమై కూర్చుంటుంది.

తొందరలో జరిగే తప్పు ఏమిటంటే, స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బాలో ఆయిల్ పోసీ పోయగానే ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పేయడం. అప్పటికి లోపలున్న గాలిని పంపు కవ్వంతో చిలికినట్టు చిలికి, ఆయిల్‌ను సన్నటి నురగగా మారుస్తుంది. పెద్ద బుడగ సులువుగా పైకి తేలుతుంది కాని, ఆ నురగ విడిపోవడానికి గంటలు పడుతుంది. కనుక ముందుగా వెనుక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు చక్రాలను జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలిపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరి వరకు నెమ్మదిగా పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. ఈలోపు మరొకరు డబ్బా దగ్గరే నిలబడి, తగ్గినప్పుడల్లా ఆయిల్ పోస్తూ ఉండాలి. డబ్బా ఒక్కసారి ఖాళీ అయిందంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. బుడగలు రావడం తగ్గాకే ఇంజన్‌ను స్టార్ట్ చేసి, స్లోలో ఉంచి, మళ్లీ అలాగే తిప్పాలి. ఫుల్ కట్ దగ్గర, అంటే ఇక తిరగనంత చివరికి తిప్పినప్పుడు, స్టీరింగ్‌ను ఐదు సెకన్లకు మించి బిగపట్టకూడదు, ఎందుకంటే అక్కడ ఒత్తిడి గరిష్ఠానికి చేరి ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది.

పని పూర్తయిందో లేదో బండి యజమాని కూడా చూసుకోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా డబ్బాలో ఆయిల్ మట్టాన్ని గుర్తు పెట్టుకొని, ఇంజన్ ఆపించి మళ్లీ చూడాలి. ఒత్తిడి పోగానే లోపలి గాలి ఉబ్బి ఆయిల్‌ను పైకి నెడుతుంది. మట్టం ఐదు మిల్లీమీటర్లకు మించి పెరిగితే గాలి ఇంకా ఉన్నట్టే. ఎన్నిసార్లు తీసినా బుడగలు మళ్లీ వస్తుంటే, డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపును అనుమానించాలి. పంపు ఆయిల్‌ను పీల్చుకొనే వైపు అది. అక్కడ క్లిప్పు వదులైనా, రబ్బరు గట్టిపడి పగిలినా ఆయిల్ బయటికి కారకపోవచ్చు కాని గాలి లోపలికి వెళుతుంది. నేల మీద చుక్క పడలేదు కనుక లీకు లేదనుకోవడం ఇక్కడ పనికిరాదు. పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో పాత పంపు కోసం బేరమాడే ముందు ఆ పైపునూ క్లిప్పునూ మార్చి చూడడం చవక.

చెన్నై వాసులు మరొక సంగతి గమనించాలి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానులోనూ ఇక్కడ ఎన్నో బండ్లు నీట మునిగాయి. నీరు కలిసిన ఆయిల్ కూడా గాలి పట్టినదానిలాగే పాలరంగులో కనబడుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే గాలి వల్ల వచ్చిన తెలుపు విడిపోతుంది, నీటి వల్ల వచ్చినది విడిపోదు. అలాంటప్పుడు ఆయిల్ మొత్తం మార్చవలసిందే. పోసే ఆయిల్ కూడా బండి పుస్తకంలో చెప్పినదే కావాలి. చేతికందిందని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి.

మోటారుతో పనిచేసే స్టీరింగ్ ఉన్న కొత్త కార్లకు ఈ గొడవ లేదు. పాత బండితో తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు తిరిగేవారికి మాత్రం ఇది భద్రతకు సంబంధించిన విషయం. కనుక షెడ్ల యజమానులు పంపు మార్చమని చెప్పే ముందు గాలి తీశారా, ఏ ఆయిల్ పోశారు అన్న రెండు సంగతులను బిల్లులో రాసి ఇవ్వాలని, అది లేనిదే బండి యజమానులు కొత్త పంపుకు ఒప్పుకోవద్దని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మాధవరం, చెన్నై