ముక్కనుమ నాడు ఆర్కే బీచ్‌లో మా అమ్మని వెతికిపెట్టిన వాళ్ళందరికీ

ఇది రాయడానికి వారం పట్టింది, పండగ నుంచి హైదరాబాద్ వచ్చి ఆఫీసులో పడ్డాక టైమ్ దొరకలేదు అని చెప్పొచ్చు గానీ అసలు సంగతి అది కాదు, రాద్దామని కూర్చుంటే ఆ సాయంత్రం మళ్ళీ గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. ఇంక ఆలస్యం చేస్తే బాగోదు.

మాది టెక్కలి దగ్గర ఒక ఊరు. అమ్మకి డెబ్భై నాలుగు. చెవి కొంచెం వినపడదు, ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. ఫోన్ ఇస్తే "నాకెందుకురా అది" అని బీరువాలో పెట్టేస్తుంది. ఈసారి కనుమ శుక్రవారం పడి, ముక్కనుమ శనివారం, ఆదివారం కలిసొచ్చాయని ఊరి నుంచి వస్తూ వైజాగ్ ఎంవీపీ కాలనీలో అక్క వాళ్ళింట్లో రెండ్రోజులు ఆగాం. అమ్మకి ఎప్పట్నుంచో సబ్‌మెరైన్ చూడాలని. సరే ముక్కనుమ సాయంత్రం బీచ్‌కి అన్నాం. మేమొక్కళ్ళమే అనుకున్నామా, ఉత్తరాంధ్ర మొత్తం అదే అనుకుంది.

నిజం చెప్తాను, మొదటి గంట నేను పోలీసుల్ని తిట్టుకుంటూనే ఉన్నాను. బీచ్ రోడ్డు మీదకి కారు రానివ్వలేదు, పైకి తిప్పి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) వైపు గ్రౌండ్‌లో పెట్టించారు, అక్కడ్నుంచి దిగి నడవాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పెద్దావిడుంది ఒక్కసారి దింపేసి వస్తాను సార్ అని బతిమాలితే ఆ కుర్ర కానిస్టేబుల్ "అందరి కార్లలోనూ పెద్దోళ్ళున్నారు సార్" అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. కిందకి వచ్చాక చూస్తే రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య పొడుగ్గా బారికేడ్లు, ఎక్కడపడితే అక్కడ దాటనివ్వరు, అవతల టీయూ-142 విమానం దగ్గరికి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి ఒకే ఒక్క గ్యాప్ నుంచి వెళ్ళాలి. ఇంత హంగామా ఏంట్రా బాబూ, బీచే కదా అనుకున్నాను.

కుర్సురా సబ్‌మెరైన్ టికెట్ లైన్ చాలా పెద్దది. మా బావ లైన్లో నిలబడి పిల్లలకి క్లాసు మొదలెట్టాడు, ఇది 91 మీటర్లు ఉంటుంది, 2001లో నేవీ పక్కన పెట్టేస్తే 2002లో ఇలా ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు అని. పిల్లలు వినట్లేదు, మురీ మిక్చర్ కావాలన్నారు. నేను అమ్మని గోడ పక్కన నిలబెట్టి "ఇక్కడే ఉండమ్మా" అని చెప్పి పది అడుగులు వెళ్ళాను. అమ్మకి వినపడిందో లేదో చూసుకోలేదు. తిరిగొచ్చేసరికి లేదు.

మొదటి అయిదు నిమిషాలు భయం కూడా వేయలేదు, ఇక్కడే ఎక్కడో ఉంటుంది అనుకుంటాం కదా. తర్వాత అక్క అటు నేను ఇటు పరిగెట్టాం, ఒకళ్ళకొకళ్ళం ఫోన్ చేసుకుందాం అంటే ఫోన్లు కలవవు, అంత జనం ఒకచోట ఉంటే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ వెళ్ళదు. అప్పటికి సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు, లైట్లు వేస్తున్నారు. నా కళ్ళు మాటిమాటికీ నీళ్ళ వైపే పోతున్నాయి.

టెంట్ వేసి మైక్ పెట్టిన పోలీసుల హెల్ప్ డెస్క్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఉన్న లేడీ కానిస్టేబుల్ గారు (పేరు రాయొద్దన్నారు) నన్ను కూర్చోబెట్టలేదు, కంగారు పడకండి అని కూడా అనలేదు, డైరెక్టుగా "ఏం రంగు చీర?" అని అడిగారు. నాకు తెలీదు. పండక్కి ఆ చీర కొన్నది నేనే, పొద్దున్న కట్టుకుని చూపిస్తే బాగుందమ్మా అన్నదీ నేనే, రంగు మాత్రం గుర్తు రావట్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఇవి రోజూ చూసేదే అన్నట్టు "ఇందాక ఏమైనా ఫోటో తీసుకున్నారా" అన్నారు. మా మేనకోడలి ఫోన్‌లో సెల్ఫీ ఉంది, వెనకాల సగం అమ్మ. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, చంకలో గుడ్డసంచి. ఆ సంచిలో చేగోడీలు, దార్లో పిల్లలకి ఆకలేస్తుందని.

ఆ ఫోటోని ఆవిడ మేన్‌ప్యాక్ (చేతి వైర్‌లెస్ సెట్) ఉన్న ఇంకో ఆయనకి చూపించి వర్ణన చెప్పించారు, వాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు, వాట్సాప్ కూడా తిరుగుతూనే ఉంటే ఒక కుర్రాణ్ణి ఫోన్ ఇచ్చి బండ్లవాళ్ళ వైపు నడిపించారు. మైక్‌లో అనౌన్స్ చేశారు. అప్పుడు నేను "మా అమ్మకి చెవి వినపడదండీ, మైక్ ఎందుకు" అన్నాను. "మీ అమ్మగారికి కాదండీ, చుట్టూ ఉన్నవాళ్ళకి" అన్నారు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

నలభై నిమిషాలు. ఏమీ ఆలోచించలేదు ఆ నలభై నిమిషాలు, ఆకుపచ్చ చీరలు మాత్రం చూశాను, పండగ పూట వైజాగ్‌లో ఎంతమంది ఆకుపచ్చ చీరలు కడతారో లెక్కపెట్టగలను ఇప్పుడు.

తర్వాత కాళీమాత గుడి వైపు నుంచి కబురొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్తే, ఒక మురీ మిక్చర్ బండి పక్కన, బోర్లించిన ఐస్ పెట్టె మీద కూర్చుని మా అమ్మ కాగితం పొట్లంలోంచి మిక్చర్ తింటోంది. కాళ్ళకి ఎవరివో పెద్ద హవాయి చెప్పులు. నన్ను చూసి "ఏట్రా, ఎక్కడికెలిపోనావు? నానిక్కడే ఉన్నాను, నువ్వే తప్పిపోనావు" అంది. ఇప్పటికీ ఆవిడ లెక్కలో తప్పిపోయింది నేనే. నాకు ఏడుపు నవ్వు రెండూ కలిసొచ్చాయి, ఆ బండి అక్క "ఏడవకండి బాబూ, ఇదిగో" అని నాకూ ఒక పొట్లం కట్టి ఇచ్చింది.

జరిగింది ఏంటంటే, అమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ ముందు రోడ్డు వైపు వెళ్ళింది, బారికేడ్ అడ్డొచ్చింది. దాటడానికి లేక దాని పక్కనే నడుచుకుంటూ పోయింది. అవతల అంబులెన్స్‌కి, డ్యూటీ బళ్ళకి వదిలేసిన లైన్. నేను తిట్టుకున్న ఇనప కడ్డీలే లేకపోతే ఆవిడ నేరుగా ఆ బళ్ళ మధ్యలోకి దిగేది. తర్వాత ఇసుకలోకి దిగి, ఎలాగూ వచ్చాను కదా అని కాళ్ళు తడుపుకోడానికి వెళ్ళింది. అక్కడ లైఫ్ గార్డ్ విజిల్ వేశాడు, ఆవిడకి వినపడదు, విజిల్‌కి తిరక్కపోతే ఇది వినపడని మనిషి అని అర్థం చేసుకుని ఆయనే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని పైకి తెచ్చి మిక్చర్ బండి దగ్గర కూర్చోబెట్టాడు. ఆవిడ చెప్పు ఒకటి అప్పటికే కెరటం పట్టుకుపోయింది.

ఇదంతా అదృష్టం అనుకున్నాను ఆ రాత్రి. మర్నాడు పొద్దున్నే థాంక్స్ చెబుదామని అమ్మని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆదివారం పొద్దున్న కదా, బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసి వాకింగ్ వాళ్ళకి వదిలేస్తారు, అక్కడ వీళ్ళందరితో మాట్లాడితే అప్పుడు తెలిసింది అది అదృష్టం మాత్రమే కాదని.

పండగకి ముందే బీచ్‌ని ముక్కలుగా పంచేసుకుంటారట, ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా మీది, అక్కడ్నుంచి మాది అని. వేరే స్టేషన్ల నుంచి కూడా స్టాఫ్‌ని దించుతారు. ఈ లేడీ కానిస్టేబుల్ గారిది విజయనగరం వైపు, ఆరేళ్ళ బాబుని వాళ్ళమ్మ దగ్గర వదిలి భోగి నుంచీ ఇక్కడే డ్యూటీ, కనుమ భోజనం కూడా టెంట్‌లో ప్యాకెట్టే. ఆ మధ్యాహ్నమే బండ్లవాళ్ళందర్నీ పిలిచి చెప్పారట, పిల్లలు గానీ ముసలివాళ్ళు గానీ ఒంటరిగా కనపడితే మీ దగ్గరే కూర్చోబెట్టి మాకు కబురు చేయండి, తీసుకుని తిరగొద్దు అని. తిరిగితే వెతికేవాళ్ళూ వాళ్ళూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిరుగుతూనే ఉంటారు కదా. మిక్చర్ అక్క అందుకే అమ్మని కదలనివ్వలేదు, లేస్తానన్నప్పుడల్లా ఇంకో పొట్లం ఇచ్చింది. నేను డబ్బులిస్తే మూడు పొట్లాలకి మాత్రమే తీసుకుంది, "నాలుగోది మామ్మగారికి నాను పెట్టాను" అంది. ఐస్ పెట్టె మీద కూర్చోబెట్టినందుకు ఆ ఐసబ్బాయి అరగంట బేరం మానుకున్నాడు, అతనికి కూడా థాంక్స్.

లైఫ్ గార్డ్‌ది జాలారిపేట. పుట్టిందే కెరటాల్లో అంటాడు. నాకు చూపించాడు, "అక్కడ సూడండి, రెండేపులా కెరటం తెల్లగా ఇరుగుతాది, మద్దిలో ఇరగదు, నీరు నల్లగా సల్లగా ఉంటాది. కొత్తోళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఒడ్డుకి తోసుకొచ్చిన నీరంతా అందులోంచే ఎనక్కి పోతాది, మనిషిని కూడా అట్టుకుపోతాది." నేను నిన్న ఆ నల్లటి చోటే బాగుందని పిల్లల్ని దింపుదాం అనుకున్నాను, ఆ మాట ఆయనకి చెప్పలేదు. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదట, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ పాయలోంచి తప్పుకుని అప్పుడు లోపలికి రావాలి, చాలామంది ఎదురీది ఎదురీది అలిసిపోయే మునిగిపోతారు. పైగా అమావాస్య దగ్గర, పోటు ఎక్కువ, అందుకే చీకటి పడకముందే అందర్నీ నీళ్ళలోంచి లేపేయడానికి వాళ్ళు ముందే తాళ్ళు, ట్యూబులు, ఎర్ర జెండాలు అన్నీ సర్దుకుని ఉన్నారు. ఇసుక ఎందుకు ఇలా గట్టులా కోసుకుపోయింది అని అడిగితే హార్బర్ వైపు చెయ్యి చూపించాడు, అక్కడ రాళ్ళకట్ట వచ్చాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయింది, డ్రెడ్జర్‌తో తోడి పోస్తారు, కెరటం మళ్ళీ తీసుకుపోతుంది. ఆ గట్టు మీద కాలు జారితేనే లోతు. మా అమ్మ నిలబడింది సరిగ్గా ఆ అంచున.

ఇంక జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుధ్య కార్మికులు. వాళ్ళు మా అమ్మని వెతకలేదు, కానీ ఆ పొద్దున్న చూసింది రాయకుండా ఉండలేను. రాత్రి వదిలేసి పోయింది అంతా, మొక్కజొన్న కండెలు, ఐస్‌క్రీమ్ కప్పులు, సగం తిన్న బజ్జీలు, చెరుకు పిప్పి, అంతా వంగి వంగి ఏరుతున్నారు, యంత్రం ఒకటి తిరుగుతోంది గానీ బండల మధ్య చేత్తోనే. ఎందుకంటే పదింటికల్లా మళ్ళీ జనం, ఆరోజు అమావాస్య స్నానాలు కూడా. ఒకచోట చెప్పులన్నీ కుప్ప పోశారు, అన్నీ ఒంటి చెప్పులే. అమ్మని కూడా తీసుకెళ్ళాను కదా, ఆవిడ ఆ కుప్ప ముందు చాలాసేపు నిలబడి వెతికి, తనది దొరక్క, "ఇంతమంది వొట్టికాళ్ళతో ఇళ్ళకెలిపోనారేటి" అంది. ఏరుతున్న ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడకి అమ్మ చేగోడీలు ఇచ్చింది. సంచి మాత్రం పోలేదు, చూశారా.

కానిస్టేబుల్ గారూ, మీరు నైట్ డ్యూటీ దిగి బస్ కోసం వెళ్తూ కూడా రెండు నిమిషాలు ఆగారు. మీ బాబుకి ఇమ్మని అమ్మ ఇచ్చిన పొట్లం వద్దు వద్దంటూనే తీసుకున్నందుకు థాంక్స్, తీసుకోకపోతే ఆవిడ ఇంకా హర్ట్ అయ్యేది. ఏయూ గ్రౌండ్ దగ్గర నన్ను ఆపిన కుర్ర కానిస్టేబుల్ కనపడలేదు, తమ్ముడూ నువ్వు అన్నది కరెక్టే, నేను మూతి ముడుచుకున్నాను, సారీ.

ఒకళ్ళు మాత్రం మిగిలిపోయారు. అమ్మ ఒంటి చెప్పుతో ఉందని చూసి, ఆ జనంలో ఎవరో కాలేజీ కుర్రాడు తన హవాయి చెప్పులు విప్పి ఆవిడ కాళ్ళకి తొడిగి, మేము వచ్చేలోపే వెళ్ళిపోయాడట. మిక్చర్ అక్కకి కూడా తెలీదు ఎవరో, నల్ల టీ షర్టు, కళ్ళద్దాలు, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్, అంతే చెప్పింది. నీలం పట్టీల చెప్పులు, తొమ్మిదో నంబర్, అమ్మ కాలికి పడవల్లా ఉన్నాయి. ఆవిడ వాటితోనే కారు దాకా ఎక్కింది, వాటితోనే హైదరాబాద్ వచ్చింది, కడిగి మా బాల్కనీలో ఎండబెట్టింది, ఎవర్నీ తొడుక్కోనివ్వదు, "ఆ బాబొస్తాడు" అంటోంది. ముక్కనుమ రోజు ఆర్కే బీచ్‌లో చెప్పులిచ్చి వట్టి కాళ్ళతో ఇంటికెళ్ళిన ఫ్రెండ్ మీలో ఎవరికైనా ఉంటే ఈ పోస్ట్ చూపించండి, మెసేజ్ పెట్టమనండి. వేసవికి మళ్ళీ వైజాగ్ వస్తాం, తెచ్చి ఇస్తాం.